పిలకాయల బొమ్మలాటేనా? బ్యాట్‌మ్యాన్ సీరియల్ మీద తిరుగుతున్న మెసేజ్‌కి జవాబు

నెల్లూరు కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఒంగోల్లోని మా బంధువుల గ్రూపులోకి కూడా వచ్చేసింది. 1992లో మొదలైన ‘బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్’ను అంతకు ముందు వచ్చిన బ్యాట్‌మ్యాన్‌లన్నిటికన్నా గొప్పదనడం ఒట్టి భ్రమ అని దాని సారాంశం. రాసినతను నాలుగు కారణాలు చూపించాడు. బొమ్మల కథ పిలకాయలకే. 1989లో టిమ్ బర్టన్ తీసిన బ్యాట్‌మ్యాన్ సినిమాకు ఇది నకలు. పాతవాటికి చీకటి, కొట్లాట కలిపారు, అంతే. జనం మెచ్చుకునేది చిన్నప్పటి మోజుతో. నాలుగూ తప్పే.

మొదటి మాటకు నాకు నిజంగా బాధేసింది. తోలుబొమ్మలాట ఆడితే ముసలీ ముతకా చాపలేసుకుని తెల్లవార్లూ కూర్చుని, లక్ష్మణమూర్ఛకు కళ్లనీళ్లు పెట్టుకున్న జిల్లా మనది. ఆడేది తోలని తెలిసీ ఏడ్చారు. కథలో బరువుంటే బొమ్మ అడ్డం రాదు. ఈ సీరియల్ అమెరికాలో ఫాక్స్ చానల్ పిల్లల విభాగమైన ఫాక్స్ కిడ్స్‌లో వచ్చిన మాట వాస్తవమే. కానీ 1993లో దీనికి దక్కింది ప్రైమ్‌టైమ్ ఎమ్మీ, అంటే రాత్రివేళ పెద్దలు చూసే కార్యక్రమాలకిచ్చే అమెరికా టీవీ అవార్డు.

ఆ ఎమ్మీ తెచ్చిన ఎపిసోడ్ ‘రాబిన్స్ రెకనింగ్’ మొదటి భాగం. ‘చీకటి, కొట్లాట’ అన్న మాటకు కూడా అందులోనే జవాబుంది. సర్కస్‌లో బ్యాట్‌మ్యాన్ జోడీ రాబిన్ అమ్మానాన్నలు తాడు తెగి చనిపోతారు. వాళ్లు పడడం మనకు చూపించరు. ఊగుతూ తెర దాటి అవతలికి పోతారు. తిరిగి వచ్చేది తెగిన తాడు మాత్రమే. రక్తం చుక్క లేదు. పిల్లల కార్యక్రమం కాబట్టి చూపించకూడనివి ఎన్నో ఉండేవి. బ్రూస్ వేన్ (ముసుగు తీస్తే బ్యాట్‌మ్యాన్ ఇతనే) తల్లిదండ్రుల హత్యను కూడా నేరుగా చూపించలేదు. ఆ కట్టుబాట్లలోనే కథ చెప్పడానికి కొత్త దారి వెతుక్కున్నారు. ఇక చీకటంటారా, మామూలుగా కార్టూన్ల వెనక దృశ్యాలు తెల్ల కాగితం మీద గీస్తే, వీళ్లు నల్ల కాగితం మీద వెలుతురు పడేచోట మాత్రమే రంగు వేశారు. సీరియల్ తీసినవాళ్లలో ఒకడైన ఎరిక్ రాడోమ్‌స్కీ తెచ్చిన పద్ధతి అది. బ్యాట్‌మ్యాన్ ఉండే గోథమ్ నగరానికి ఆ రూపం అందులోంచే వచ్చింది.

నకలు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అందులో కొంత నిజముంది. 1989లో బర్టన్ సినిమా ఆడకపోతే ఈ సీరియల్‌కు డబ్బు పెట్టేవాళ్లుండేవారు కాదేమో. టైటిల్ సంగీతం ఆ సినిమాకు చేసిన డానీ ఎల్ఫ్‌మన్‌దే. విలన్ పెంగ్విన్ రూపం కూడా బర్టన్ 1992 సినిమాలోంచి తెచ్చుకున్నదే. అంతవరకూ ఒప్పుకుంటాను. కానీ ఇంకో విలన్ మిస్టర్ ఫ్రీజ్‌ను ఏ సినిమాలోంచి తెచ్చారో చెప్పమనండి.

1959 కామిక్స్‌లో ఇతని పేరు మిస్టర్ జీరో. మంచు తుపాకీ పట్టుకు తిరిగే దొంగ. 1966 టీవీ సీరియల్లో ముగ్గురు నటులు మారి మారి వేసిన నవ్వులాట పాత్ర. (ఆ సీరియల్‌ను నేను తక్కువ చేయను. నవ్వించాలనే తీశారు, నవ్వించింది.) పాల్ డీని రాసి, బ్రూస్ టిమ్ దర్శకత్వం చేసిన ‘హార్ట్ ఆఫ్ ఐస్’లో ఆ దొంగకు ఒక భార్య వచ్చింది, నోరా. ఆమెది మందులేని జబ్బు. మందు దొరికేదాకా బతికించుకోవాలని ఆమెను మంచులో ఉంచుతాడు భర్త. ఖర్చు దండగని కంపెనీ యజమాని ఫెర్రిస్ బాయిల్ వచ్చి ఆ ప్రయోగం ఆపించేస్తాడు. అడ్డుపడ్డ మనిషిని రసాయనాల మీదికి తంతాడు. అప్పట్నుంచి ఫ్రీజ్ ఒళ్లు వేడికి తట్టుకోదు. అదే బాయిల్‌కు మానవతావాది అని సన్మానం జరుగుతుంటుంది!

బ్యాట్‌మ్యాన్ ఇక్కడ జలుబుతో తుమ్ముతూ ఉంటాడు. ఇంటి నౌకరు ఆల్‌ఫ్రెడ్ ఫ్లాస్కులో పోసిచ్చిన వేడి కోడి సూపుతోనే ఫ్రీజ్ తలమీది గాజు హెల్మెట్ పగలగొడతాడు. ఆ వెంటనే బాయిల్ చేసిన ఘోరం రికార్డయిన టేపు విలేకరి చేతికిస్తాడు. నేరం చేసినవాణ్ణీ వదల్లేదు, వాణ్ణి నేరస్థుణ్ణి చేసినవాణ్ణీ వదల్లేదు. ఇరవై రెండు నిమిషాల కథలో ఇంత న్యాయం అంతకు ముందరి బ్యాట్‌మ్యాన్ దేంట్లోనూ నేను చూడలేదు. నోరా కథను ఆ తర్వాత కామిక్స్ తీసుకున్నాయి, 1997 బ్యాట్‌మ్యాన్ సినిమా తీసుకుంది. విలన్ జోకర్ పక్కనుండే హార్లీ క్విన్ సంగతీ అంతే. 1992లో ‘జోకర్స్ ఫేవర్’ ఎపిసోడ్ కోసం పుట్టిన పాత్ర, మరుసటేడు కామిక్స్‌లోకి, 2016లో సినిమాలోకి నడిచింది. ఎవరు ఎవరిని చూసి రాశారో ఇప్పుడు చెప్పండి.

ఇక చిన్నప్పటి మోజు. మోజే కారణమైతే 1968లో వచ్చిన ఫిల్మేషన్ బ్యాట్‌మ్యాన్ కార్టూన్‌ను, 1973 ‘సూపర్ ఫ్రెండ్స్’ను చూసి పెరిగినవాళ్లు కూడా వాటిని ఇలాగే మెచ్చుకోవాలి కదా? ఎందుకు లేదు?

గొంతుల సంగతి చూడండి. కెవిన్ కాన్‌రాయ్ బ్రూస్‌కు ఒక గొంతు, బ్యాట్‌మ్యాన్‌కు ఇంకో గొంతు పెట్టాడు. జోకర్‌కు మార్క్ హామిల్. వాయిస్ డైరెక్టర్ ఆండ్రియా రొమానో నటుల్ని వీలైనంతవరకూ ఒకే గదిలో కూర్చోబెట్టి రికార్డు చేయించేది. అందుకే ఒకరి మాట మీద ఒకరి మాట పడ్డప్పుడు అది నిజమైన గొడవలా వినిపిస్తుంది. షర్లీ వాకర్ ఆర్కెస్ట్రాతో సంగీతం కట్టింది. 2009లో ‘ఆర్ఖమ్ అసైలమ్’ అనే బ్యాట్‌మ్యాన్ వీడియోగేమ్ చేసినప్పుడు మళ్లీ కాన్‌రాయ్‌నీ హామిల్‌నీ పిలిచారు, కథ డీని చేతే రాయించారు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా అక్క కొడుకు ఆ గేమ్‌లో విన్న గొంతు పట్టుకుని వెనక్కి వెళ్లి ఈ సీరియల్ చూశాడు. 1992కి వాడింకా పుట్టనే లేదు.