ముక్కుసూటి దొరగారికి చెన్నపట్నం నుంచి

మహారాజశ్రీ కొత్త క్రూయిజ్ ఓడల నిటారు ముక్కు గారి సముఖానికి,

చెన్నపట్నంలో ఓడల గీతలు గీసుకుని బతికే కొందరు తెలుగువాళ్ళు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ సముద్రం క్షేమం. రాజాజీ సాలైలో ట్రాఫిక్ కూడా ఎప్పట్లాగే లంగరు వేసుకుని ఉంది.

ఈమధ్య ఎవరి ఫోన్‌లో చూసినా తమరి ఫోటోలే. భవిష్యత్తంతా తమరి ముక్కుమీదే నిలబడి ఉన్నట్టు కింద రాతలు. తమరు ముక్కుసూటి మనిషని పేరు గనుక మేమూ సూటిగానే అడుగుతాం: ఇందులో కొత్తేముంది?

1912 నాటి టైటానిక్‌కు ఉన్నది తమరి ముక్కే. మేస్త్రీ తాడుకు గుండు కట్టి చూసుకున్నట్టు నిటారుగా ఉండేది. ఆ కాలపు పెద్ద ఓడల్లో చాలావాటి ముక్కులు అంతే. తర్వాత ఫ్యాషన్ మారింది. 1935లో ఫ్రాన్సులోని సాన్ నజేర్‌లో కట్టిన నార్మండీకి యుర్కేవిచ్ అనే రష్యన్ ఇంజనీరు ముక్కును ముందుకు వాల్చి, నీటి కింద ముందుకు ఉబ్బిన గుండ్రటి బొడిపె పెట్టాడు, దాన్నే బల్బు అంటాం. 2022లో మన చెన్నై రేవు నుంచి బయల్దేరిన కార్డేలియా ఎంప్రెస్ కూడా 1990లో సాన్ నజేర్‌లోనే పుట్టింది. దాని ముక్కూ వాలుముక్కే. అదే ఊళ్ళో 2018లో సెలబ్రిటీ ఎడ్జ్‌కు, 2022లో ఎంఎస్‌సీ వరల్డ్ యూరోపాకు ముక్కు మళ్ళీ నిలువుగా నిలబెట్టారు. జపాన్‌లో కట్టిన ఐడాప్రిమా 2016లోనే ఆ పని చేసింది. అమ్మమ్మ అడ్డబాస మనవరాలి పెళ్ళిలో కొత్త డిజైను అయినట్టు, తమరు తిరిగొచ్చారు. అందులో తప్పేమీ లేదు. భవిష్యత్తు నుంచి దిగొచ్చినట్టు ఆ నటనే మాకు కాస్త ఎబ్బెట్టు.

తమరు రావడానికి అసలు కారణాలు రెండు. మొదటిది బల్బు గొడవ.

ఓడ కదిలితే ముక్కు దగ్గర నీరు గుట్టగా లేస్తుంది. ఆ గుట్టను లేపడానికి కాల్చిన ఇంధనమంతా దండగ. బల్బు నీటి కింద ముందుకు పొడుచుకొచ్చి తన అల తాను లేపుతుంది. ముక్కు అల మిట్ట మీద బల్బు అల పల్లం వచ్చి పడితే రెండూ చెల్లు. కిటుకంతా ఆ పడటంలోనే ఉంది. అల పొడవు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 22 నాట్ల వేగంలో (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) సుమారు 82 మీటర్లు ఉంటే, 16 నాట్లలో 43 మీటర్లే. బల్బేమో ఇనుము. వేగం తగ్గింది కదా అని వెనక్కి జరగదు. 22 నాట్లకు కొలిచి పెట్టిన బల్బును 16 నాట్లలో తిప్పితే, సాయం చేయాల్సింది పోయి అదే బరువైపోవచ్చు. సరుకు ఓడలకు ఇంకో బాధ కూడా ఉంది. ఖాళీగా వస్తే బల్బు నీటిపైకి తేలి అలల్ని గుద్దుతుంది. తమరికి అది లేదు. జనం ఎక్కినా దిగినా ఓడ మునక పెద్దగా మారదు. తమరి బాధంతా వేగంతోనే.

ఆ వేగం సంగతి మన దారిలోనే చూద్దాం. చెన్నై నుంచి శ్రీలంకలోని ట్రింకోమలీ సుమారు 280 నాటికల్ మైళ్ళు. సాయంత్రం 5 గంటలకు వదిలితే 16 నాట్లలో మర్నాడు పదిన్నరకు చేరుతుంది, ప్రయాణికుల ఇడ్లీ, వడ, రెండో కాఫీ కూడా అయ్యాక. 22 నాట్లలో పరిగెత్తితే ఆరు కాకముందే రేవు. అంత పొద్దున్నే దిగేవాళ్ళెవరు? పైగా నడవడానికి పట్టే శక్తి దాదాపు వేగం ఘనాన్ని బట్టి పోతుంది గనుక, 22 నాట్లకు పట్టేదాంట్లో 16 నాట్లకు సుమారు 38 శాతం చాలు. అందుకే ఈ ఓడలు ఒక రాత్రి 14 నాట్లు, ఇంకో రాత్రి 19 నాట్లు పోతుంటాయి. ఒకే వేగానికి మొక్కుకున్న పొడుగు బల్బు మానేసి, అన్ని వేగాల్లో ఓ మోస్తరుగా నడిచే సన్నటి నిలువు ముక్కు పెట్టడం తెలివైన పనే. ఒప్పుకుంటున్నాం. ఎదురు కెరటంలో దడదడలూ తగ్గుతాయి. కాకపోతే బల్బు చచ్చిపోయిందని ప్రచారం చేయించుకోకండి. తమలో చాలామందికి అది లోపలే కలిసిపోయి ఉంది, కింద లావుగా, పైన సన్నగా. ఓడల మరమ్మతు తొట్టి డ్రైడాక్‌లో నీళ్ళు తోడగానే బొజ్జ బయటపడుతుంది.

రెండో కారణం బ్రోషర్లలో కనిపించదు. రేవులో చోటు ఇచ్చేది ఓడ మొత్తం పొడవును బట్టి. గాల్లో వేలాడే ముక్కుకూ అందులో లెక్క ఉంది. ముందు డెక్కు నీటికి 12 మీటర్ల ఎత్తున ఉండి, ముక్కు నిలువు నుంచి 40 డిగ్రీలు వాలితే, ఆ వేలాడేది 10 మీటర్లు. అంత పొడవులో గాలి తప్ప ఇంకేం లేదు. ముక్కు నిలబెడితే వాటర్‌లైన్, అంటే ఓడ ఒంటి మీద నీటి మట్టం గీత, ఆ 10 మీటర్లూ ముందుకు జరుగుతుంది. ముక్కులోనే గదులు కట్టరు లెండి. ఢీకొంటే నీరు ఆపడానికి ముందు ఒక గట్టి అడ్డుగోడ ఉండాలి, పెద్ద ఓడల్లో అది ముందు లంబం (ముక్కు దగ్గర గీసుకునే నిలువు గీత) నుంచి కనీసం 10 మీటర్లు వెనక ఉండాలని సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా ఒప్పందం నియమం. ఆ లంబాన్ని కొలిచేది వాటర్‌లైన్ దగ్గర. అది జరిగితే గోడా జరుగుతుంది, దాని వెనక ఇల్లంతా జరుగుతుంది. గది వెడల్పు 2.8 మీటర్లు అనుకుంటే 10 మీటర్లకు 3 గదులు, రెండు వైపులా 6, ఎనిమిది అంతస్తులకు 48 బాల్కనీ గదులు. టి.నగర్‌లో సెట్‌బ్యాక్ మింగేసి ఫ్లాట్లు లేపే బిల్డరు చూస్తే తమరికి సాష్టాంగపడతాడు. సముద్రాన్ని కోయడం గురించి అంత కవిత్వం ఎందుకు, ఈ 48 గదుల మాట చెప్పినా మేం గౌరవించేవాళ్ళం.

ఇక తమరు దాచే సంగతులు. వాలుముక్కు ఊరికే వయ్యారానికి వాలలేదు. పైకి పోయేకొద్దీ పక్కలకు విచ్చుకునే ఆ ఆకారాన్ని మేం ఫ్లేర్ అంటాం. కెరటంలో ముక్కు దిగబడినప్పుడు విచ్చుకున్న భాగం నీటిలో కూర్చుని ఓడను పైకి ఎత్తుతుంది, లేచిన నీటిని పక్కలకు విసిరేస్తుంది. నొచ్చికుప్పం ఒడ్డున ఫైబర్ పడవ ముక్కు పైకి లేచి ఎందుకుంటుందో అక్కడి జాలర్లను అడగండి. విరిగే కెరటాన్ని ఎక్కి దాటాలి, గుచ్చితే పడవ నిండిపోతుంది. తమరు ఎక్కేరకం కాదు, గుచ్చేరకం. గుచ్చిన నీరు ముక్కు వెంట నిలువుగా పైకి పాకి, గాలికి డెక్కు మీదా అద్దాల మీదా పడుతుంది. అందుకే తమరి ముందుభాగాన్ని అంత ఎత్తు కట్టి, తాళ్ళూ మరలూ ఉండే డెక్కును పైకప్పు కింద పెడుతున్నారు. అలా కట్టుకుంటే ఇబ్బంది లేదు. తక్కువ ఎత్తులో పెద్ద కిటికీలు పెట్టి, ఇక్కడి నుంచి సముద్రం కళ్ళెదుటే అని అమ్ముకుంటే మాత్రం, సముద్రం ఆ మాటను నిజం చేయడానికి వస్తుంది. 2005లో నార్వేజియన్ డాన్ అనే ఓడను అట్లాంటిక్‌లో కొట్టిన అల కిటికీలు పగలగొట్టి 62 గదుల్లో నీళ్ళు నింపింది.

చెప్పిన తేదీకి అట్లాంటిక్ దాటాల్సినవాళ్ళు తమరిని నమ్మలేదు కూడా. 2004 నాటి క్వీన్ మేరీ 2కు దాని డిజైనరు స్టీఫెన్ పేన్ పొడుగాటి వాలుముక్కు పెట్టి, ముందు డెక్కు మీద నీటిని విరగ్గొట్టే అడ్డుగోడ కట్టాడు. ఆ ఓడ వాతావరణం బాగోలేదని ఊరు మార్చుకోలేదు. తమరు మార్చుకుంటారు. తుపాను ఉందంటే మన బంగాళాఖాతం వైపు తొంగి అయినా చూడరు.

అన్నిటికన్నా లంగరు గోల పెద్దది. వాలుముక్కు నుంచి లంగరు వదిలితే గాల్లోనే కిందికి పోతుంది, ఒంటికి తగలదు. నిటారు ముక్కు పక్కన అది పలక మీద రాసుకుంటూ దిగుతుంది. ఓడ ఊగిందా, డప్పు కొడుతుంది. కింద బొజ్జ ఉంటే దాని మీదే పడుతుంది. దీనికి మందు రెండు రకాలు: గొలుసు గొట్టం నోటి దగ్గర బోల్‌స్టర్ అనే లావాటి పెదవి పెట్టి లంగరును బయటికి నెట్టడం, లేదా ఒంట్లో గూడు తొలిచి దాచడం. పెదవి పెడితే తమరి నున్నటి ముఖం మీద మొటిమ, గూడు తొలిస్తే నడకలో నీరు అందులో సుళ్ళు తిరుగుతుంది. పాతకాలం యార్డుల్లో చెక్క లంగరు చేసి, చెక్క ముక్కు మీద వేలాడదీసి, అడ్డం తిరిగినప్పుడు కూడా దానంతటది సర్దుకుని కూర్చుంటుందా అని చూసేవారు. ఇప్పుడు కంప్యూటర్లో చూస్తారు. చూడండి, తప్పులేదు. కానీ కంప్యూటర్లో లంగరుకు బురద అంటదు.

ఆ బురద, తుప్పు కలిసి కారే ఎర్రచారలు సరిగ్గా తమరి బుగ్గల మీదే పడతాయి. బొమ్మ గీయించేదీ అక్కడే. 2013లో నార్వేజియన్ బ్రేక్‌అవే మీద పీటర్ మ్యాక్స్ గీసిన బొమ్మల్లాంటివి రేవులో ముచ్చటగానే ఉంటాయి. గొలుసు రాసుకున్నచోట రంగు లేచిపోయాక డ్రైడాక్ దాకా ఎవరూ దాన్ని ముట్టుకోరు. సెలబ్రిటీ ఎడ్జ్ పక్కన పైకీ కిందికీ తిరిగే నారింజ రంగు అరుగు గురించి మరో ఉత్తరం రాయాలి, ఇందులో చోటు లేదు.

మీ దాయాది, ముక్కు వెనక్కి వంగిన ఎక్స్-బో గారిని అడిగామని చెప్పండి. 2006లో బూర్బన్ ఓర్కా అనే ఓడతో చమురు క్షేత్రాల పనికి దిగి, 2019లో గ్రెగ్ మార్టిమర్ అనే ఓడతో అంటార్కిటికా విహారానికి ఎక్కినవారు. జనం మీ ఇద్దరినీ ఒకటే అనుకుంటున్నారు. ఆయన మొరటు సముద్రంలో కష్టపడి పేరు తెచ్చుకున్నారు గనుక బాధపడుతున్నారేమో.

చెన్నై రేవుకు వచ్చేముందు ఒక్క మాట కబురు పెట్టండి. లంగరు పెదవి డ్రాయింగు కూడా తెచ్చుకుంటే చాలా సంతోషిస్తాం.

ఇట్లు,
చెన్నపట్నం గీతలవాళ్ళు

తా.క.: ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే క్రూయిజ్ ఓడ బరువు 2,48,663 టన్నులని మనవాళ్ళు రాస్తుంటే తమరు చూస్తూ ఊరుకోకండి. అది బరువు కాదు, లోపలి చోటును ఒక సూత్రంలో వేస్తే వచ్చే అంకె. వెనక్కి లెక్కేస్తే దాదాపు 7.8 లక్షల ఘనపు మీటర్లు. అందులో ముక్కు కింద ఉన్నదెంతో తమరికే తెలియాలి.