సవరణ: మడ అడవుల లెక్క

మొన్న కోరంగి మడ అడవుల గురించి రాస్తూ, రోడ్డు కోసం ఒక చెట్టు కొడితే మూడు మొక్కలు నాటితే చాలన్నాను. తప్పు. 2019 తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో ఉన్నది చెట్ల లెక్క కాదు, విస్తీర్ణం. ప్రత్యేక అవసరం కింద ఒప్పుకున్న రోడ్డు వల్ల మడ దెబ్బతింటే, కనీసం 3 రెట్ల విస్తీర్ణంలో వేరేచోట పెంచాలి. మడ చుట్టూ వదలాల్సిన 50 మీటర్ల రక్షణ పట్టీ (బఫర్) కూడా ప్రతి మడకీ కాదు, మడ విస్తీర్ణం 1000 చదరపు మీటర్లు దాటితేనే.

అసలు సంగతి మర్చేపోయాను. రోడ్డు పనికి ఇచ్చే పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో "చెట్లు కొట్టం" అని రాస్తే సరిపోదు. నల్లమడ అనే మడ చెట్టు, తన చుట్టూ బురదలోంచి మేకుల్లా లేచే వేర్లతో గాలి పీల్చుకుంటుంది. తవ్విన మట్టి వాటిమీద పోసినా, పోటునీరు వచ్చే పాయకు గట్టు అడ్డమేసినా, గొడ్డలి తగలకుండానే చెట్టు ఎండిపోతుంది.