ఎవరి వాక్యం వాళ్ళు చదువుకుందాం

మా కడప వైపు క్రైస్తవ పెళ్ళిళ్ళలో అయ్యగారి ప్రసంగంలో బైబిల్లోని రూతు పేరు తరచూ వస్తుంది. "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అన్న మాట శుభలేఖల మీద కూడా వేయిస్తారు. పెళ్ళికూతురు తల వంచుకుని వింటుంది. మగపెళ్ళివారు తృప్తిగా తలలూపుతారు. కానీ రూతు ఆ మాట అన్నది కట్టుకున్నవాడితో కాదు, అతను పోయాక అత్త నయోమితో. పైగా ఆ మాట ఇమ్మని ఆమెను ఎవరూ అడగలేదు. మన కుటుంబాల్లో సగం తగవులు ఎదుటివాళ్ళకు రాసిన వాక్యాన్ని మనం చదివి వినిపించడం వల్లే వస్తున్నాయని నా నమ్మకం. కోడలికి రూతు గురించి చెప్పే అత్తగారు ముందు నయోమి గురించి చదవాలి.

రాయలసీమ వాళ్ళకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. బేత్లెహేములో కరువొచ్చింది. నయోమి భర్త ఎలీమెలెకు ఆమెనూ ఇద్దరు కొడుకులనూ తీసుకుని మోయాబుకు వలసపోయాడు. 1876-78 కరువులో కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు ఎట్లా అల్లాడాయో మనకు తెలుసు. మొన్నమొన్నటి దాకా కువైట్ విమానం ఎక్కిన మన ఆడవాళ్ళూ తెలుసు. నయోమి ఆ పరాయి దేశంలో మొదట భర్తను, దాదాపు పదేళ్ళు గడిచేసరికి ఇద్దరు కొడుకులను కూడా పోగొట్టుకుంది. ఊరికి తిరుగుముఖం పట్టి, దారిలో ఆగి కోడళ్ళు రూతు, ఓర్పాలతో ఏమంది? మీ అమ్మగారిళ్ళకు పోండి, నాకూ పోయినవాళ్ళకూ మీరు చూపిన దయ దేవుడు మీకు చూపించాలి, మళ్ళీ పెళ్ళి చేసుకుని నెమ్మదిగా బతకండి అంది. తనకే దిక్కు లేని పూట అట్లా అనగలగడానికి ఎంత గుండె కావాలి! ఓర్పా ఏడ్చి వెళ్ళిపోయింది. ప్రసంగాల్లో ఆమెను తక్కువ చేసి మాట్లాడతారు గానీ బైబిల్లో ఆమె మీద ఒక్క నింద లేదు. అత్త దీవించే పంపింది. పొమ్మన్న ఆ అత్తనే రూతు పట్టుకుని వదల్లేదు.

రెండో అధ్యాయం ఇంకా బాగుంటుంది. యవల పొలంలో రూతు పరిగె ఏరుకుంటుంటే, మధ్యాహ్నం ఆ పొలం యజమాని బోయజు పేలాలు అందించాడు. కడుపునిండా తిని కొన్ని మిగుల్చుకుంది. సాయంత్రం ఏరిన గింజలతో పాటు తాను దాచి తెచ్చినవి తీసి అత్త చేతికిచ్చింది. నయోమి వెంటనే అడిగింది, ఈరోజు ఎక్కడ ఏరుకున్నావని. చూడండి, ఒకరు తినేటప్పుడు ఇంకొకరిని తలచుకున్నారు, ఇంకొకరు రోజెట్లా గడిచిందని అడిగారు.

ప్రొద్దుటూరు నుంచి కోడలి కాన్పుకని మనం ఉంటున్న ఈ పరాయి దేశానికి వచ్చి, బయటంతా మంచు, ఇంట్లో మాట్లాడే మనిషి లేక నెలల తరబడి కూర్చునే అత్తగార్లు మన మధ్య ఎంతమంది! సంగటి కెలికి, ఊరిబిండి నూరి ఎదురు చూస్తుంటారు. కోడలు ఆఫీసు నుంచి వచ్చి మళ్ళీ ల్యాప్‌టాప్ తెరుస్తుంది. "ఏం పాపా, పొద్దున్నుంచి ఏమన్నా తిన్యావా?" అని ఈవిడ, "నువ్వు తింటివా అత్తా?" అని ఆమె అడుక్కున్న ఇంట్లో, కుటుంబ ప్రార్థన పది నిమిషాలైనా చాలు.

ఇక మగవాళ్ళం. బైబిల్లో ఎఫెసు సంఘానికి రాసిన లేఖ, ఎఫెసీ పత్రిక ఐదో అధ్యాయంలో "స్త్రీలారా" అంటూ భర్తలకు లోబడమనే 22వ వచనం మనకు నోటికొచ్చు. దానికి ముందున్న 21వ వచనం ఒకరికొకరు లోబడమంటుంది. 25వ వచనం క్రీస్తు సంఘం కోసం తనను అప్పగించుకున్నట్టు భార్యను ప్రేమించమంటుంది. మనకు రాసింది అది. భార్యకూ అమ్మకూ మాట పెరిగినప్పుడు ఫోన్ పట్టుకుని పక్కగదిలోకి పోయేవాడు ఆ వచనం ఇంకా చదవలేదు.

కొడుకులకు, కూతుళ్ళకు రాసింది మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ఉంది. అమ్మానాన్నలకు చేయాల్సిన సాయాన్ని 'కొర్బాను', దేవునికి అర్పితమైపోయిందని చెప్పి తప్పించుకునేవాళ్ళను యేసు అక్కడ నిలదీశాడు. ఈ అధ్యాయం నన్ను నిద్రపోనివ్వదు. జమ్మలమడుగు, గుత్తి లాంటి చోట్ల లండన్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ కాలం నాటి సంఘాలు మనవి. గుడి మరమ్మతు అంటే డాలర్లు ధారాళంగా పంపుతాం. పంపాలి కూడా. కానీ అదే ఊర్లో మోకాళ్ళ నొప్పులతో మేడమెట్లు దిగలేని అమ్మను ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఎదురింటి పిల్లవాణ్ణి బతిమాలుకునే పరిస్థితి ఉంటే, ఆ చందా దేవుని లెక్కలో ఎక్కడ పడుతుంది?

ఇక్కడి మన అసోసియేషన్ పెద్దలకు ఒక మనవి. ఈ క్రిస్మస్‌కు గుడి చందాతో పాటు ఇంకో ఏర్పాటు కూడా చేద్దాం. కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల్లో ఒంటరిగా ఉన్న మన తల్లిదండ్రుల పట్టిక రాసి, నెలకోసారి ఇంటికెళ్ళి పలకరించి, మందులు, డాక్టరు చూపు కనుక్కునే మనుషులను జీతమిచ్చి పెడదాం. ఆ పట్టికలో మొదటి నెల ఖర్చు నేను భరిస్తాను.