ఆ లక్ష్యం పిల్లలు చెప్పిందేనా?

కన్నవారి దగ్గర ఉండే వీలులేక స్థానిక కౌన్సిల్ సంరక్షణలోకి వచ్చిన బడి ఈడు పిల్లలందరికీ ఇంగ్లండ్‌లో పర్సనల్ ఎడ్యుకేషన్ ప్లాన్, అంటే ఎవరి చదువుకు వారికి విడిగా రాసే ప్రణాళిక, ఉండి తీరాలి. టర్ముకొకసారి టీచరు, సోషల్ వర్కర్, ఆ పిల్లలను తమ ఇంట్లో ఉంచుకుని పెంచే ఫోస్టర్ తల్లిదండ్రులు కూర్చుని దాన్ని సమీక్షిస్తారు. ఈ పిల్లల చదువు చూసేందుకు ప్రతి కౌన్సిల్‌లోనూ వర్చువల్ స్కూల్ హెడ్ ఉండాలని 2014 నాటి చట్టం చెబుతోంది. డబ్బూ ఉంది: 2024-25లో ఒక్కొక్కరికి 2,570 పౌండ్లు. లోటంతా ఆ ప్లానులో రాసే లక్ష్యాల్లోనే ఉందని, ఈ సమావేశాల్లో ఏళ్లుగా కూర్చుంటున్న టీచరుగా నా అభిప్రాయం.

"గణితంలో మెరుగుపడాలి." "ఆత్మవిశ్వాసం పెంచుకోవాలి." ఏ పిల్లల పేరు కింద రాసినా సరిపోయే మాటలివి. నెరవేరాయో లేదో తేల్చే దారి లేదు కాబట్టి, వచ్చే టర్ములోనూ అవే ఉంటాయి.

ఒకసారి పెద్దవాళ్లందరం మాట్లాడటం అయ్యాక, పక్కనే కూర్చున్న అమ్మాయిని నీకేం కావాలని అడిగాం. వేరే ఇంట్లో పెరుగుతున్న తమ్ముణ్ని కలిసినప్పుడు వాడికి కథల పుస్తకం తడబడకుండా చదివి వినిపించాలట! అప్పటిదాకా ఆమె ప్లానులో ఉన్నది "పఠన స్థాయి వయసుకు తగ్గట్టు పెరగాలి" అని. దాన్ని కొట్టేసి ఆమె మాటే రాశాం. ఇక ఏం చేయాలో వెతుక్కోవలసిన పని లేకపోయింది. పుస్తకం తనే ఎంచుకుంది. వారంలో రెండు మధ్యాహ్నాలు లైబ్రేరియన్ దగ్గర చదివేది. నోరు తిరగని మాటల కింద పెన్సిలుతో గీత గీసుకుని, సాయంత్రం ఫోస్టర్ తల్లి ముందు వాటినే మళ్లీ పలికేది. తమ్ముణ్ని కలిసే రోజే గడువు.

లక్ష్యం దగ్గరగా ఉండాలంటున్నానే గానీ ఆశ చిన్నదిగా ఉండాలని కాదు. "పాపం, ఇన్ని కష్టాలు పడ్డ పిల్ల, చదువంటూ ఒత్తిడి ఎందుకు?" అనే జాలి వీళ్లకు చాలా చెరుపు చేస్తుంది. సంరక్షణలో పెరిగి యూనివర్సిటీకి వెళ్లేవారికి కౌన్సిల్ 2,000 పౌండ్లు ఇవ్వాలి. కోరితే పాతికేళ్లు వచ్చేదాకా పర్సనల్ అడ్వైజర్ తోడుంటారు. ఈ సంగతి పదహారేళ్లు నిండాక కాదు, ఏడో తరగతిలోనే పిల్లల చెవిన పడాలి.

ఇక్కడి మన తెలుగు ఇళ్లలో పిల్లవాణ్ని బడిలో కింది సెట్‌లో, అంటే చదువులో వెనకబడ్డవారి గుంపులో వేస్తే, మర్నాడు పొద్దున్నే బడికి ఫోను వెళుతుంది. ఆ పట్టుదల ఈ పిల్లల తరఫునా ఎవరికైనా ఉండాలి. ఫోస్టరింగ్ అందరికీ వీలుకాదు, అది పెద్ద బాధ్యత. కానీ కన్నవారితో రాకపోకలు తగ్గిన పిల్లలను కలుస్తూ, వాళ్లకు స్నేహంగా ఉండే ఇండిపెండెంట్ విజిటర్లుగా మనం చేరవచ్చు. బడి నిర్వహణను పర్యవేక్షించే స్కూల్ గవర్నర్లుగా ఉన్న మనవాళ్లు, మీ బడిలో ఈ ప్లాన్లు ఎలా రాస్తున్నారో ఒకసారి అడగండి. ప్రతి లక్ష్యం పక్కన పెద్దవాళ్లలో ఒకరి పేరు, ఒక తేదీ ఉన్నాయా? అది పిల్లలు చెప్పిందేనా?