హర్స్ట్ నంబర్ 0.5 దాటితే లాంగ్ మెమరీ ఖాయమా? అంత ఈజీ కాదండీ

తెగ షేర్ అవుతున్న మాట ఇది: నెట్‌వర్క్ ట్రాఫిక్ లాగ్ తీసుకుని ఆర్/ఎస్ గ్రాఫ్ (టైము వ్యవధి పెరిగేకొద్దీ డేటా ఊగే పరిధి ఎంత పెరుగుతోందో చూపేది) గీయండి, గీత వాలు (అదే హర్స్ట్ నంబర్) 0.5 దాటితే లాంగ్ మెమరీ (ఎప్పటి రద్దీ ప్రభావమో చాలాసేపటి దాకా పోకుండా ఉండటం) ఉన్నట్టే, ఎన్ని ఎక్కువ రోజుల డేటా ఉంటే అంత గ్యారంటీ, అయినా యూజర్లు పెరిగితే అంతా స్మూత్ అయిపోతుంది కాబట్టి పెద్ద లింకులకి ఈ గోలే అక్కర్లేదు అని.

"0.5 దాటితే ఖాయం": కాదు. డేటా తక్కువైతే పూర్తిగా ర్యాండమ్ నంబర్లకి కూడా ఆర్/ఎస్ 0.5 పైనే చూపిస్తుంది, పక్కపక్క ప్యాకెట్ల మధ్య చిన్నపాటి సంబంధం ఉన్నా చాలు ఇంకా పైకి లేస్తుంది, దీనికోసమే 1991లో ఆర్థికవేత్త ఆండ్రూ లో (Andrew Lo) ఆ పద్ధతిని సవరించాడు. డౌటుంటే డేటాని బ్లాకులుగా కోసి, ఒక్కో బ్లాకు లోపల మాత్రం వరస తారుమారు చేసి మళ్ళీ లెక్కేయండి, నంబర్ పడిపోయిందంటే అది దగ్గరి సంబంధం చేసిన మాయే.

"ఎక్కువ రోజులు, ఎక్కువ గ్యారంటీ": అసలు మోసం ఇక్కడే. వారం లాగ్‌లో పగలూ రాత్రీ తేడా ఉంటుంది, అర్ధరాత్రి బ్యాకప్ ఉంటుంది, మధ్యలో ఎవరో లింకు మార్చి ఉంటారు, ఇవన్నీ కలిసి లాంగ్ మెమరీలా వేషం కడతాయి. లాంగ్ మెమరీ అసలు లేని డేటాకి నెమ్మదిగా తగ్గే చిన్న ట్రెండ్ కలిపినా హర్స్ట్ నంబర్ పెరుగుతుందని 1983లోనే భట్టాచార్య, గుప్తా, వేమైర్ చూపించారు. వేవ్‌లెట్ పద్ధతి (డేటాని చిన్నా పెద్దా టైము వ్యవధులుగా విడదీసి చూసే లెక్క) నున్నగా సాగే ట్రెండ్‌ని తీసేస్తుంది గానీ ఒక్కసారిగా లెవెల్ మారితే అదీ బోల్తా పడుతుంది, అందుకే రోజుని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి విడిగా లెక్కేయాలి, ముక్కముక్కకీ నంబర్ గెంతుతుంటే ఆ ఒక్క సగటు నంబర్ చెత్తబుట్టకే.

"యూజర్లు పెరిగితే స్మూత్": సగం నిజం. సగటుతో పోలిస్తే ఊగిసలాట తగ్గుతుంది, మెమరీ మాత్రం పోదు. మామూలు ర్యాండమ్ ట్రాఫిక్‌లో వరసగా 100 శాంపిల్స్ సగటు తీస్తే ఊగిసలాట పదో వంతుకి దిగుతుంది, అదే హర్స్ట్ 0.9 అయితే 63 శాతం అలాగే మిగులుతుంది! బెల్‌కోర్ అనే అమెరికా టెలికాం పరిశోధన సంస్థలోని ఈథర్‌నెట్ కొలతల మీద 1993లో వచ్చిన పేపర్లో రద్దీ పెరిగేకొద్దీ నంబర్ పెరగడమే కనిపించింది. ఇలా ఎందుకంటే కొన్ని ట్రాన్స్‌ఫర్లు విపరీతంగా పొడుగు, వంద మందిని కలిపినా ఆ పొడుగు ఎక్కడికీ పోదు కదా. సెషన్లు మొదలయ్యే టైములకి పాయిసాన్ మోడల్ (ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ర్యాండమ్‌గా వస్తాయనే లెక్క) బాగానే సరిపోతుందని 1995లో పాక్సన్, ఫ్లాయిడ్ రాశారు, ప్యాకెట్లకి సరిపోదని కూడా వాళ్ళే రాశారు, జనాలు మొదటి ముక్కే పట్టుకున్నట్టున్నారు.

ఈసారి హర్స్ట్ నంబర్ పోస్ట్ చేసేటప్పుడు ఏ పద్ధతో, ఎన్ని మిల్లీసెకన్ల నుంచి ఎన్ని నిమిషాల దాకా గీత వంకర లేకుండా ఉందో కూడా పెట్టండి.