శిక్ష వేయండి, కానీ ఇక్కడే

పైరసీ సినిమాల లింకులు పెట్టే కుర్రాళ్లను కూడా విచారణకు విదేశాలకు అప్పగించాల్సిందేనని వాదించిన ఒక వ్యాసంతో నేను ఏకీభవించను. బ్రిటన్‌లోని షెఫీల్డ్ విద్యార్థి రిచర్డ్ ఓడ్వయర్ సైట్‌లో ఉన్నవి లింకులే, సినిమాలు కావు. అయినా అతన్ని అమెరికాకు పంపేందుకు 2012 మార్చిలో బ్రిటన్ హోం మంత్రి థెరిసా మే ఆమోదించారు. చివరికి నవంబరులో అమెరికా అధికారులతో ఒప్పందం కుదిరి, 20,000 పౌండ్లు కట్టి బయటపడ్డాడు. అన్నాళ్లు ఆ తల్లి పడిన టెన్షన్ మాటేమిటి?

మా ఆమదాలవలస కుర్రాడు తప్పు చేస్తే శ్రీకాకుళం కోర్టులోనే విచారించండి. వకీలుతో తన భాషలో మాట్లాడుకోగలడు, వాయిదాకి ఇంటివాళ్లు బస్సెక్కి రాగలరు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉండనే ఉంది. నిర్మాతల నష్టం నిజమే, కాదనను. 2023 సినిమాటోగ్రాఫ్ చట్ట సవరణలో నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా పెట్టారు, అది వసూలు చేయండి.