సన్మానం సరే, సహవాసం ఏది?

కాంటర్‌బరీ 104వ ఆర్చిబిషప్ (ఇంగ్లండ్ సంఘానికి, ప్రపంచ ఆంగ్లికన్ శాఖకు పెద్ద) రోవన్ విలియమ్స్ 2012 డిసెంబర్ 31న పదవీ విరమణ చేశారు. పదేళ్ల బాధ్యతను దించుకొని, కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాల అధిపతిగా మళ్లీ చదువుల లోకానికి వెళ్లిన, అప్పటికి అరవై రెండేళ్ల ఈ వేల్స్ పండితునికి శాఖాభేదం లేకుండా ప్రశంసలు అందాయి. బ్రిటన్ ప్రభుత్వం అదే నెల 26న ఆయనకు ప్రభువుల సభలో జీవితకాల సభ్యత్వం ప్రకటించింది. ఈ గౌరవాలన్నిటికీ ఆయన అర్హులే. మా అభ్యంతరం సన్మానం మీద కాదు, సన్మానంతో సరిపెట్టుకోవడం మీద.

ముప్ఫై ఆరేళ్లకే ఆక్స్‌ఫర్డ్‌లో దైవశాస్త్ర ఆచార్య పీఠం అందుకున్న విలియమ్స్, తన శాఖ గోడల మధ్యనే కూర్చుని పండితుడైన వ్యక్తి కాదు. రష్యన్ ఆర్థడాక్స్ వేదాంతి వ్లాదిమీర్ లాస్కీపై పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. స్పెయిన్ కేథలిక్ సన్యాసిని, అవిలా తెరెసా గురించి గ్రంథం రాశారు. దొస్తొయెవ్‌స్కీని ఒక విశ్వాసి కళ్లతో చదివి వ్యాఖ్యానించారు. నాలుగో శతాబ్దంలో సంఘం వెలివేసిన ఏరియస్‌ను సైతం, ఖండించేముందు ఆయన ఏమన్నాడో పూర్తిగా వినాలన్న పట్టుదలతో అధ్యయనం చేశారు. ఎదుటి శాఖ వారి ప్రార్థనను వారి భాషలోనే అర్థం చేసుకోవడానికి జీవితం వెచ్చించిన మనిషికి ఆ శాఖల వారు ఇవ్వవలసింది పొగడ్త ఒక్కటేనా?

2012 అక్టోబర్ 10న వాటికన్‌లో అప్పటి పోప్ పదహారవ బెనెడిక్ట్ సమక్షంలో, బిషప్పుల మహాసభను ఉద్దేశించి మాట్లాడిన తొలి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ విలియమ్స్. మౌన ధ్యానం గురించి ఆయన చేసిన ఆ ప్రసంగాన్ని కేథలిక్ పీఠాధిపతులు శ్రద్ధగా విన్నారు. కానీ ఆంగ్లికన్ గురుత్వాభిషేకాలు పూర్తిగా చెల్లనివని 1896లో పోప్ పదమూడవ లియో జారీచేసిన శాసనం నేటికీ అమలులోనే ఉంది. దాని ప్రకారం ఆయన బిషప్ కాదు, కనీసం గురువు కూడా కాదు. 1966లో పోప్ ఆరవ పాల్ తన ఉంగరాన్ని అప్పటి ఆర్చిబిషప్ మైఖేల్ రామ్జీకి ఇచ్చారు. రోముకు వెళ్లినప్పుడు విలియమ్స్ ఆ ఉంగరాన్నే ధరించారు. 2012 నాటికి ఉంగరం ఇచ్చి 46 ఏళ్లయింది, శాసనం మాత్రం కదలలేదు. ఆయన పాండిత్యాన్ని మెచ్చుకునే ఆర్థడాక్స్ సంఘాలు కూడా ఆయనను తమ ప్రభు భోజనపు బల్ల (యేసు చివరి భోజనాన్ని స్మరిస్తూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) దగ్గరికి రానివ్వవు.

సొంత ఇంట్లో జరిగింది మరింత బాధాకరం. స్త్రీలు బిషప్పులయ్యేందుకు అనుమతించాలని విలియమ్స్ వేడుకున్నా, 2012 నవంబర్ 20న ఇంగ్లండ్ సంఘపు సినడ్ (పాలక మహాసభ) ఆ తీర్మానాన్ని తిరస్కరించింది. బిషప్పుల సభలో 44–3, గురువుల సభలో 148–45 ఓట్లతో నెగ్గిన తీర్మానం, విశ్వాసుల సభలో మూడింట రెండు వంతులకు ఆరు ఓట్లు తక్కువై ఓడిపోయింది. ఆయన చివరి విన్నపాన్ని కాదన్న సంఘమే నెలన్నర తిరక్కుండా ఆయన ఘనతను కీర్తించింది.

ఆయన కఠినంగా ఉండవలసిన చోట మెత్తబడ్డారనీ, 2008 లాంబెత్ సమావేశాన్ని (ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పుల సభ) రెండు వందల మందికి పైగా బిషప్పులు బహిష్కరించినా ఏమీ చేయలేకపోయారనీ విమర్శించేవారున్నారు. అందులో కొంత నిజం ఉండవచ్చు. కానీ లేచి వెళ్లిపోయిన వారి తప్పును కూర్చోమని బతిమాలిన వాడి మీద మోపడం న్యాయం కాదు.

ఇదంతా పరాయి దేశపు గొడవ అనుకునే తెలుగు క్రైస్తవులకు ఒక తేదీని గుర్తు చేయాలి. వేదనాయగం శామ్యూల్ అజరయ్య కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా అభిషిక్తులై, మన డోర్నకల్ బాధ్యత చేపట్టి 2012 డిసెంబర్ 29కి సరిగ్గా నూరేళ్లు నిండాయి. మిషనరీలు పేదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండి అని 1910లో ఎడిన్‌బరో సభలో అడిగిన మనిషి ఆయన. సంఘాల చీలిక పాశ్చాత్య దేశాల్లో బలహీనత కావచ్చు గానీ మన వంటి దేశాల్లో అది పాపమని 1927లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో తేల్చి చెప్పారు. ఆయన కలగన్న ఐక్యత, ఆయన కన్నుమూసిన రెండేళ్లకు, 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) రూపుదాల్చింది. లూథరన్లు, బాప్తిస్టులు అప్పుడూ బయటే ఉన్నారు, ఇప్పుడూ బయటే ఉన్నారు. ఇంగ్లండ్‌లో స్త్రీలకు 2012లో ఆరు ఓట్లు అడ్డుపడ్డాయి. ఏ ఓటూ అడ్డుపడని దక్షిణ ఇండియా సంఘంలోనూ 2013 వరకు ఒక్క మహిళా బిషప్ లేరు.

ఆ డిసెంబరంతా మన పట్టణాల్లో ఐక్య క్రిస్మస్ వేదికల మీద అన్ని శాఖల పెద్దలూ ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు, కలిసి కొవ్వొత్తులు వెలిగించారు, కేకు కోసి పంచుకున్నారు. మరునాటి ఆదివారం చిలకరింపు బాప్తిస్మం చెల్లదని ఒకరు, ముంపు బాప్తిస్మం అక్కర్లేదని మరొకరు ప్రసంగించారు. కేకు పంచుకోగలిగిన వారు ప్రభువు బల్లను ఎందుకు పంచుకోలేరు? వేదిక మీద పక్కపక్కన కూర్చున్న బిషప్పులు, పాస్టర్లు ఈ ప్రశ్నకు తమ విశ్వాసుల ఎదుట సమాధానం చెప్పి ఎన్నాళ్లయింది?

అజరయ్యను స్మరించి, విలియమ్స్‌ను కొనియాడే పెద్దలకు ఒక మాట. డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది జనవరి 6న; ఆ నెల మొదటి ఆదివారం మన సంఘాలు అనేకం ప్రభురాత్రి భోజనం ఆచరిస్తాయి. మీ పక్క వీధిలోని వేరే శాఖ విశ్వాసిని ఆ ఉదయం మీ బల్ల దగ్గరికి పిలవండి. పిలవలేకపోతే ఎందుకు పిలవలేరో అతని ముఖం చూసి చెప్పండి. అంత ధైర్యం కూడా లేకపోతే, వచ్చే ఏడాది ఐక్య క్రిస్మస్‌కు శాలువాలు కొనకండి.